భయం టవరు మీద.. దెబ్బ చూపు మీద

మేడ మీద సెల్ టవరు పెడతామని ఎవరైనా వస్తే సొసైటీ అంతా ఒక్కటై వద్దంటుంది. అదే సొసైటీలో ఆరేళ్ల పిల్లాడు అన్నం ముద్ద మింగాలంటే చేతిలో ఫోన్ పెట్టాల్సిందే. మొదటిది అందరి కంటికీ ప్రమాదంలా కనిపిస్తుంది. రెండోది అలవాటైపోయింది. కంటి ఆరోగ్యం సంగతికి వస్తే, ఇప్పటిదాకా వైద్యశాస్త్రం పోగుచేసిన ఆధారాలు ఈ లెక్కను తిరగేస్తున్నాయి. భయపడుతున్న చోట ప్రమాదం చాలా తక్కువ. భయం లేని చోటే పిల్లల చూపు దెబ్బతింటోంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో గుజరాత్‌లోని సూరత్‌ను చూస్తే తెలుస్తుంది. అది కళ్ల మీద బతికే నగరం. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం ఇక్కడి కార్ఖానాల్లోనే మెరుగు దిద్దుకుంటాయి. పవర్‌లూమ్, జరీ, ఎంబ్రాయిడరీ.. అన్నీ చూపు నిలిపి చేసే పనులే. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వలస వెళ్లిన చేనేత కుటుంబాలు లింబాయత్, దాని చుట్టుపక్కల బస్తీల్లో దశాబ్దాలుగా ఉంటున్నాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. 2022 నవంబరు 25న గుజరాత్‌లోని 33 జిల్లా కేంద్రాలన్నింటికీ 5జీ సేవలు విస్తరించినట్లు జియో ప్రకటించింది. ఆ జాబితాలో సూరత్ కూడా ఉంది. కొత్త తరం సిగ్నల్ వచ్చిన ప్రతిసారీ రేడియేషన్ కళ్లను కాల్చేస్తుందన్న మాట వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతూనే ఉంటుంది.

ఏ రేడియేషన్ గురించి మాట్లాడుతున్నాం?

రేడియేషన్ అనగానే ఎక్స్‌రే, అణుబాంబు గుర్తుకొస్తాయి. వాటి కిరణాలకు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి ఉంటుంది. అందుకే అవి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. మొబైల్ వాడేది రేడియో తరంగాలను. 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగంతో పోలిస్తే మామూలు వెలుతురు కణం ఒక్కోదానికి లక్ష రెట్లకు పైగా శక్తి ఉంటుంది. ఆ వెలుతురుకే ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి లేదు. మరి రేడియో తరంగం చేయగలిగేదేమిటి? వేడెక్కించడం. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది ఆ సూత్రం మీదే.

కంటి గురించిన అనుమానం ఇక్కడే మొదలైంది. అది పూర్తిగా నిరాధారమేమీ కాదు. కంటి లెన్స్‌లో రక్తనాళాలు ఉండవు. ఒంట్లో మిగతా చోట్ల వేడి పుడితే రక్తం దాన్ని మోసుకుపోతుంది. లెన్స్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే రాడార్ల దగ్గర పనిచేసేవారికి శుక్లాలు వస్తాయేమోనని గత శతాబ్దం మధ్యలోనే శాస్త్రవేత్తలు అనుమానించారు. కుందేళ్ల మీద ప్రయోగాలు చేశారు. శుక్లాలు వచ్చాయి కూడా.

అయితే ఎంత మోతాదులో వచ్చాయన్నదే అసలు ప్రశ్న. 1975లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రకారం, కుందేలు కంటిలో శుక్లం రావాలంటే చదరపు సెంటీమీటరుకు 150 మిల్లీవాట్ల చొప్పున 100 నిమిషాల పాటు తరంగాలు నేరుగా కంటి మీదే పడాలి. ఇప్పుడు ఫోన్ సంగతి చూద్దాం. 4జీ ఫోన్ గరిష్ఠంగా వెదజల్లే శక్తి దాదాపు 200 మిల్లీవాట్లు. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని వీడియో చూస్తుంటే, అది పూర్తి శక్తితో పనిచేస్తున్నా, కంటిని చేరేది చదరపు సెంటీమీటరుకు సుమారు 0.02 మిల్లీవాట్లు. కుందేలు కంటిని చెడగొట్టిన మోతాదులో ఇది ఏడు వేల వంతు కన్నా తక్కువ. పైగా సిగ్నల్ బాగున్న చోట ఫోన్ తన శక్తిని ఇంకా తగ్గించుకుంటుంది. టవరు దూరమై సిగ్నల్ బలహీనపడితేనే గట్టిగా పనిచేస్తుంది. అంటే టవరును తరిమేసిన కాలనీలో ఫోన్లు ఒంటికి దగ్గరగా మరింత శక్తిని వెదజల్లుతాయి.

క్యాన్సర్ మాట

రేడియో తరంగాలు క్యాన్సర్ కారకాలు కావచ్చంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మే 31న వాటిని 2బీ వర్గంలో చేర్చింది. ఆ సంగతిని చాలామంది ఉదహరిస్తుంటారు. ఆధారాలు పరిమితంగా ఉన్నా కొట్టిపారేయలేమని ఆ వర్గానికి అర్థం. అప్పుడు పరిగణనలోకి తీసుకున్నవి మెదడు, చెవి నరం కణుతులు. కంటి జబ్బులు కావు.

కంటి క్యాన్సర్ మీద నేరుగా జరిగిన పరిశోధన వేరే ఉంది. 2001లో జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టాంగ్ బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. మొబైల్ వాడకానికీ, కంటిలో వచ్చే మెలనోమా అనే అరుదైన క్యాన్సర్‌కూ సంబంధం ఉండొచ్చని అందులో తేలింది. పత్రికల్లో పెద్ద వార్తే అయింది. మరుసటి ఏడాదే డెన్మార్క్ లెక్కలు వచ్చాయి. అక్కడ మొబైల్ చందాదారులు వేగంగా పెరిగినా ఆ క్యాన్సర్ మాత్రం పెరగలేదు. ఆ తర్వాత స్టాంగ్ బృందమే ఇంకా ఎక్కువ మంది రోగులతో, మెరుగైన పద్ధతిలో మళ్లీ పరిశోధన చేసింది. 2009లో ఫలితం ప్రకటించింది. సంబంధం కనిపించలేదు. మొదటి వార్త చదివినవారిలో రెండో వార్త ఎంతమందికి చేరిందన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో నిబంధనలు కూడా సడలుగా ఏమీ లేవు. 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు కేంద్రం కుదించింది. ఫోన్ల విషయంలో, ఒంట్లోకి ఇంకే శక్తి కిలోకు 1.6 వాట్లు దాటకూడదంది. ఫోన్‌లో *#07# నొక్కితే ఆ అంకె కనిపిస్తుంది. టవరు మీద అనుమానం ఉంటే టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో రుసుము కట్టి కొలతలు తీయించుకోవచ్చు. అనుమానం వచ్చినవారు అడగడం న్యాయమే. కంపెనీలు నిబంధనలు పాటిస్తున్నాయో లేదో చూడాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే. కానీ నిబంధనల లోపల పనిచేస్తున్న టవరు వల్ల చూపు పోతుందనడానికి ఆధారం లేదు.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

మరి ఫోన్ వల్ల కళ్లు పోయిన వాళ్ల మాటేమిటని ఎవరైనా అడగొచ్చు. తెలుగునాట ఎక్కువ ప్రచారం పొందిన కేసు హైదరాబాద్‌ది. 2023 ఫిబ్రవరిలో అపోలో ఆసుపత్రి న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ దాన్ని ట్విటర్‌లో పంచుకున్నారు. 30 ఏళ్ల మహిళకు ఏడాదిన్నరగా కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు. కొన్నిసార్లు కొద్ది సెకన్ల పాటు ఏమీ కనిపించకపోవడం. రోజూ గంటల తరబడి, రాత్రి లైట్లు ఆర్పేశాక కూడా రెండు గంటల దాకా ఫోన్ చూసేవారామె. మందులేమీ రాయకుండా ఫోన్ తగ్గించమని డాక్టర్ చెప్పారు. నెల తిరిగేసరికి చూపు మామూలైంది.

ఒక్క రోగి అనుభవంతో కారణం రుజువు కాదు. అలాంటి మెరుపులు, గీతలు మైగ్రేన్‌లో కూడా కనిపిస్తాయి. అయినా ఈ కేసులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆమె ఇంటి చుట్టూ ఉన్న టవర్లేమీ మారలేదు. మారిందల్లా ఫోన్ చూసే తీరు.

2016లో బ్రిటన్ వైద్యులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వివరించిన రెండు కేసులదీ అదే దారి. ఆ ఇద్దరు మహిళలకు చీకట్లో ఫోన్ చూశాక ఒక కన్ను కాసేపు కనిపించకుండా పోయేది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు ఒక కన్ను దిండుకు ఒత్తుకుని చీకటికి అలవాటు పడేది. రెండోది ఫోన్ వెలుతురుకు అలవాటు పడేది. ఫోన్ ఆపేయగానే వెలుతురుకు అలవాటైన కన్ను చీకట్లో చూడలేక తడబడేది. కొద్ది నిమిషాల్లో సర్దుకునేది. అందులో జబ్బేమీ లేదు.

ఎక్కువ మందిని బాధించేవి ఇంతకన్నా మామూలు సంగతులు. మనిషి నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాడు. తెర మీద చూపు నిలిపితే అది సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు పడిపోతుంది. రెప్ప పడకపోతే కన్నీటి పొర ఆరిపోతుంది. మంట, ఎరుపు, ఇసుక పడ్డట్టు గరగర.. ఇవన్నీ ఆ తడి ఆరిపోవడం వల్లే. పగలంతా వజ్రం మీద భూతద్దం పెట్టుకునో, మగ్గం మీద తెగిన పోగు వెతుక్కుంటూనో గడిపిన కంటికి రాత్రి దొరికే విశ్రాంతిని కూడా ఫోన్ తీసేసుకుంటోంది.

పిల్లల కన్ను సాగుతోంది

పెద్దవాళ్ల కళ్లమంట విశ్రాంతితో తగ్గుతుంది. పిల్లల విషయం అలా కాదు. బడి వయసులో కనుగుడ్డు ఇంకా పెరుగుతూ ఉంటుంది. అది ఉండాల్సిన దానికన్నా పొడవుగా సాగితే దూరపు వస్తువులు మసకబారతాయి. హ్రస్వదృష్టి అంటే ఇదే. సాగిన కన్ను మళ్లీ కుంచించుకోదు. అద్దాలతో చూపు సరిచేయొచ్చు. కానీ పవర్ బాగా పెరిగితే పెద్దయ్యాక రెటీనా ఊడటం, గ్లాకోమా లాంటి ముప్పులు ఎక్కువవుతాయి.

ఫోన్ పాత్ర ఎంత? 2025 ఫిబ్రవరిలో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రిక 45 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణను ప్రచురించింది. 3.35 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. రోజూ తెర చూసే సమయం ఒక్కో గంట పెరిగేకొద్దీ హ్రస్వదృష్టి అవకాశం 21 శాతం పెరుగుతున్నట్లు తేలింది. ఇది సంబంధాన్ని చూపే లెక్కే కానీ కారణాన్ని రుజువు చేసేది కాదు. కారణం వైపు దారి చూపే ఆధారాలు వేరే ఉన్నాయి.

చైనాలోని ఫెయిచెంగ్ నగరంలో ఏటా బడి పిల్లల కళ్లు పరీక్షిస్తారు. 2015 నుంచి 2019 వరకు ఆరేళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి ఏ ఏడూ 5.7 శాతం దాటలేదు. కరోనా వల్ల నెలల తరబడి ఇళ్లలో ఉండిపోయాక, 2020లో అది ఒక్కసారిగా 21.5 శాతానికి చేరింది. ఆ నెలల్లో పెరిగింది తెర ముందు గడిపే సమయం. తగ్గింది ఎండ.

ఆ రెండింటిలో ఎండ పాత్ర ఎంతో సింగపూర్, సిడ్నీ పోలిక చెబుతుంది. రెండు నగరాల్లోనూ చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లలనే తీసుకుని 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. సింగపూర్‌లో హ్రస్వదృష్టి 29.1 శాతం, సిడ్నీలో 3.3 శాతం. తల్లిదండ్రుల చూపులో పెద్ద తేడా లేదు. సిడ్నీ పిల్లలు పుస్తకాలు ఇంకా ఎక్కువే చదివేవారు. అసలు తేడా ఆరుబయట. సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు బయట గడిపితే, సింగపూర్ పిల్లలు మూడు గంటలు. పగటి వెలుతురు రెటీనాలో డోపమైన్‌ను విడుదల చేసి, కనుగుడ్డు అతిగా సాగకుండా అదుపు చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఇంట్లో వెలుతురు కొన్ని వందల లక్స్‌కు మించదు. బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. అంటే మండుటెండలో నిలబెట్టాల్సిన పని లేదు.

దీన్ని ప్రయోగం చేసి కూడా చూశారు. గ్వాంగ్‌జౌలో ఆరు బడుల పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట తరగతి పెట్టారు. మరో ఆరు బడుల్లో ఏమీ మార్చలేదు. మూడేళ్ల తర్వాత కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు మొదటి బడుల్లో 30.4 శాతం, రెండో బడుల్లో 39.5 శాతం. తైవాన్ 2010 నుంచే బడి పిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట గడపాలన్న కార్యక్రమం అమలు చేస్తోంది.

మన దగ్గర కూడా పల్లె, పట్నం తేడా పాతదే. స్మార్ట్‌ఫోన్లు రాకముందు, 2002లో ప్రచురించిన రెండు సర్వేల్లో బడి వయసు పిల్లల్లో హ్రస్వదృష్టి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 4.1 శాతం, ఢిల్లీ నగరంలో 7.4 శాతం. నగరపు ఇరుకు ముందే పిల్లలను గదుల్లోకి నెట్టింది. ఫోన్ వచ్చి ఆ గదిలోనే కూర్చోబెట్టేసింది.

ఇరుకు గదిలో ఫోనే దాది

అందుకే ఇది కేవలం తల్లిదండ్రుల క్రమశిక్షణకు సంబంధించిన విషయం కాదు. వలస కార్మికుల బస్తీలో ఒకే గది ఇళ్లు, బండ్లతో నిండిన గల్లీలు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్తే, లేదా రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకుంటే, పిల్లాడిని కిమ్మనకుండా ఉంచడానికి చేతికి దొరికేది ఫోనే. ఊళ్లో అయితే తాతయ్య, అమ్మమ్మ, వాకిలి ఉండేవి. ఇక్కడ ఆ మూడింటి బదులు ఫోనే ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దు, నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించొద్దు అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ మాట వినాలంటే ముందు ఆ పిల్లాడు ఆడుకోవడానికి చోటు ఉండాలి.

చూపు తగ్గిన పిల్లాడు తనకు తగ్గిందని చెప్పడు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. బోర్డు కనపడక వెనకబడితే మొద్దు అంటారు. అందుకే బడిలో పరీక్ష ముఖ్యం. తెలంగాణ 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి తొలి విడతలో కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో తన పథకాన్ని బడి పిల్లలతోనే ఆరంభించింది. శిబిరం ఊరికి వచ్చిన రోజున సూరత్‌లో ఉన్న కుటుంబానికి వీటితో ప్రయోజనం లేదు. వాళ్లకు దిక్కు చదువుకునే చోటి బడే. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వ బడి పిల్లలకు చూపు పరీక్ష జరగాలి. భాష అడ్డమే కాదు. ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని నాలుగు వైపులకూ తిప్పి రాసిన పటాన్ని ఆరు మీటర్ల దూరంలో పెట్టి, కాళ్లు ఎటున్నాయో వేలితో చూపమంటే చాలు. అక్షరం రాని పిల్లాడు కూడా చూపిస్తాడు. టీచరే ఆ పరీక్ష చేయగలరు.

చత్వారానికీ ఫోన్ మీదే నింద

పెద్దవాళ్లలో ఇంకో పొరపాటు జరుగుతోంది. నలభై దాటాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోతే ఆ నింద కూడా ఫోన్ మీదే పడుతోంది. అది చత్వారం. నలభై అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. గుజరాతీలో ఇదే తేడాను నలభై రెండు సంఖ్యను బట్టి బేతాళా అంటారు. ఫోన్లు లేని కాలంలోనే రెండు భాషలూ దానికి వయసుతోనే పేరు పెట్టాయి. వయసుతో లెన్స్ మెత్తదనం తగ్గడమే కారణం. చవక అద్దాలతో సరిపోతుంది.

ఆ చవక అద్దాలు పనిలో ఎంత తేడా తెస్తాయో అస్సాం తేయాకు తోటల్లో తేలింది. నలభై దాటిన కార్మికులకు దగ్గరిచూపు అద్దాలు ఇస్తే, వాళ్లు కోసే ఆకు అద్దాలు ఇవ్వనివారి కన్నా దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించింది. ముక్కకింత అని కూలి లెక్కగట్టే వజ్రాల పనిలో, మీటరుకింత అని లెక్కగట్టే మగ్గం పనిలో చూపు అంటే కూలే. రేడియేషన్ వల్ల పోతోందిలే అనుకుని అద్దాలు వాయిదా వేసుకునే కార్మికుడు నెలనెలా నష్టపోతూనే ఉంటాడు.

భయం కొనిపించే సరుకు

ఈ అయోమయాన్ని సొమ్ము చేసుకునే బజారు ఒకటుంది. ఫోన్ వెనక అంటించే 'యాంటీ రేడియేషన్' స్టిక్కర్లు అందులో మొదటివి. తరంగాన్ని నిజంగా అడ్డుకుంటే ఫోన్‌కు సిగ్నల్ రాదు. అడ్డుకోకపోతే ఆ స్టిక్కరు ఎందుకు? రెండోవి బ్లూ కట్ అద్దాలు. ఫోన్ తెర నుంచి వచ్చే నీలి వెలుతురు పగటి ఆకాశంతో పోలిస్తే చాలా స్వల్పం. 17 ప్రయోగాలను పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2023లో తేల్చిందేమిటంటే, ఈ అద్దాల వల్ల కళ్ల అలసట తగ్గకపోవచ్చు. వందలు పోసి ఇవి కొన్న ఇంట్లో పిల్లాడికి అసలు చూపు పరీక్షే చేయించకపోతే, రక్షణ దొరికిందన్న ధీమాలో ఒక్కో ఏడూ గడిచిపోతుంది.

చేయాల్సినవాటికి పెద్దగా ఖర్చు లేదు. పిల్లలు రోజుకు కనీసం గంటన్నర, రెండు గంటలు పగటి వెలుతురులో ఉండాలి. సూరత్ వేసవిలో అయితే పొద్దున్నే, లేదా నీడన. ఫోన్ కన్నా టీవీ నయం, దూరంగా ఉంటుంది కాబట్టి. ఫోన్ తప్పదంటే చేయి చాచినంత దూరంలో, గదిలో లైటు వేసి చూడాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూస్తే కళ్లకు ఊరట. ఏడాదికోసారి పిల్లలకు, నలభై దాటిన వారికి కంటి పరీక్ష తప్పనిసరి. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కలు కనిపించినా, తెర దించినట్టు చూపు మూసుకుపోయినా అది ఫోన్ వల్లే అనుకుని ఆగకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. అది రెటీనా ఊడటం కావొచ్చు.

మిగతాది పాలకుల పని. బడిలో రోజూ ఒక పీరియడ్ ఆరుబయట పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. టైమ్‌టేబుల్ మారితే చాలు. బస్తీలో ఖాళీ జాగా పార్కింగ్‌కు, గోదాముకు పోకుండా పిల్లలకు మిగలాలి. టవరు వద్దని సంతకాలు సేకరించగలిగిన కాలనీలు ఆటస్థలం కావాలని కూడా సంతకాలు సేకరించగలవు. పిల్లల చూపుకు అవసరమైన అర్జీ ఆ రెండోదే.